సోనార్ కొనే ముందు చెరువు అడుగు సంగతి ఆలోచించండి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఆదివారం వస్తే ఇద్దరు స్నేహితులతో కలిసి గాలం వేయడానికి సింగూరు వెనుక నీళ్ల వైపు వెళ్తుంటాను. అంత తీరిక లేకపోతే దగ్గర్లోని చెరువులు. పడవ లేదు, అంతా ఒడ్డు మీద నుంచే. ఎక్కువగా పిండి ఎరతో బొచ్చె, రవ్వ, బంగారు తీగ కోసం వేస్తాం. అప్పుడప్పుడు రబ్బరు కప్పతో కొర్రమీను. మా బావమరిది దసరాకు అమెరికా నుంచి వస్తున్నాడు. నీళ్లలోకి విసిరితే ఫోన్‌లో చేపల్ని చూపించే చిన్న సోనార్ ఒకటి తెమ్మందామని ఉంది. వంద మీటర్ల లోతు, చేప బొమ్మలు, అలారం, చిర్ప్, జీపీఎస్, టెంపరేచర్, రాత్రి లైటు... ఫీచర్లన్నీ చదివేసరికి తల తిరిగింది. వీటిలో మనకు పనికొచ్చేవి ఏవి? మన చెరువుల మురికి నీళ్లలో అది పనిచేస్తుందా? మా ఆవిడ మాత్రం ఒకటే అడుగుతోంది: "అది వస్తే ఇంటికి చేపలొస్తాయా?"

సమాధానం: మీ ఆవిడ అడిగినదే అసలు ప్రశ్న, కాబట్టి ముందు దానికి జవాబు చెప్తాను. సోనార్ చేపను పట్టదు, చేప ఆకలి మీద ఉందో లేదో కూడా చెప్పదు. అది నమ్మకంగా చెప్పేది నీటి అడుగు గురించి: ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ ఒక్కసారిగా దిగుతోంది, ఎక్కడ గట్టి నేల, ఎక్కడ బురద, ఎక్కడ తుమ్మ మోడు ఉంది. ఈ వివరాలు చూసుకుని ఎర వేసే చోటు మార్చుకునే ఓపిక మీకు ఉంటే ఇంటికి చేపలు కొంచెం ఎక్కువే వస్తాయి. స్క్రీన్ మీద చేప బొమ్మలు చూస్తూ కూర్చుంటే మాత్రం ఇప్పుడు వచ్చేవి కూడా తగ్గుతాయి. బెండు మునిగే వేళకు మీ చూపు ఫోన్ మీద ఉంటుంది మరి.

ఇది పనిచేసే తీరు కొంచెం తెలిస్తే ఫీచర్లలో సగం గందరగోళం పోతుంది. నీటి మీద తేలే ఆ బంతి కిందికి చిన్న శబ్దాన్ని పంపుతుంది. అది అడుగుకో, మధ్యలో అడ్డొచ్చిన దేనికో తగిలి వెనక్కి వస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది కాబట్టి 5 మీటర్ల లోతుకు పోయి రావడానికి పట్టేది 7 మిల్లీసెకన్ల లోపే. ఆ సమయాన్ని బట్టి లోతు లెక్క కడుతుంది. తిరిగొచ్చిన శబ్దం ఎంత బలంగా ఉందన్న దాన్ని బట్టి రంగు వేస్తుంది. స్క్రీన్ మీద కనిపించే గీతలు, చేప బొమ్మలు అన్నీ ఈ రెండు కొలతల మీద కట్టినవే. చేపల కోసం ఈ పద్ధతిని పనికొచ్చే యంత్రంగా చేసి 1948లో అమ్మకానికి తెచ్చింది జపాన్‌కు చెందిన ఫురునో కంపెనీ. సముద్రం మీద వల వేసేవాళ్ల కోసం చేసిన వస్తువు అది. ఇప్పుడు అరచేతిలో పట్టే బంతి అయింది గానీ లోపలి సూత్రం మారలేదు.

మురికి నీటి గురించి మీ అనుమానం సహజమే. ఇది కెమెరా కాదు, వెలుతురుతో దీనికి పని లేదు. వానాకాలంలో ఎర్రటి బురద నీరు వచ్చినా అడుగు చక్కగానే చూపిస్తుంది. మన చెరువుల్లో దీన్ని తికమక పెట్టేవి వేరే ఉన్నాయి: నాచు, గుర్రపుడెక్క వేళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా బుడగలు. మురుగు కలిసే చెరువుల్లో అడుగు బురద కుళ్లి గ్యాస్ పుడుతూ ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఒడ్డున నిలబడి చూడండి, ఎక్కడో ఒకచోట బుడబుడమని పైకి వస్తుంటాయి. శబ్దం దేనికి తగిలి గట్టిగా వెనక్కి వస్తుందో తెలుసా? గాలికి. చేప స్క్రీన్ మీద కనిపించడానికి పెద్ద కారణం దాని కండ కాదు, దాని కడుపులో ఉండే గాలి తిత్తి. కాబట్టి బుడగ కూడా సోనార్‌కు చేపలాగే కనిపిస్తుంది. దానికి చేప బొమ్మ తగిలించి, లోతు అంకె రాసి, అలారం కూడా కొడుతుంది. నగరం లోపలి చెరువుల్లో స్క్రీన్ నిండా చేపలు కనిపిస్తే సంబరపడకండి, కనిపిస్తున్నది చాలావరకు మన డ్రైనేజీయే.

బుడగను గుర్తుపట్టే పద్ధతి ఉంది. సెట్టింగ్స్‌లో చేప బొమ్మలు ఆపేసి అసలు గీతలే చూడండి. బంతి కదలకుండా తేలుతున్నప్పుడు అడుగు నుంచి పైకి ఏటవాలుగా గీత లేస్తుంటే అది బుడగల వరస. మామూలుగా చేపలు అలా వరసగా అడుగు నుంచి నీటి పైదాకా పోవు. ఒకే లోతులో గీత ఎంతసేపైనా చెదరకుండా సాగుతుంటే అది మోడో రాయో అయ్యుండొచ్చు, లేదా కింద కదలకుండా నిలబడ్డ చేప కావచ్చు. బంతిని రెండు మూడు మీటర్లు లాగి చూస్తే తేలిపోతుంది. పుస్తకాల్లో చేప అంటే విల్లులా వంగిన గీత అని రాస్తారు. అది పడవ కదులుతుంటేనో, చేప బంతి కింద నుంచి దాటిపోతుంటేనో వస్తుంది. ముందు దూరంగా, తర్వాత దగ్గరగా, మళ్లీ దూరంగా అవుతుంది కాబట్టి ఆ వంపు. ఒడ్డు నుంచి వేసేవాళ్లకు పూర్తి విల్లు అరుదుగా వస్తుంది. రాలేదని కంగారు పడనక్కర్లేదు. స్క్రీన్‌లో కుడి అంచు ఒక్కటే ఈ క్షణానిది, దానికి ఎడమవైపున్నదంతా గడిచిపోయిన సంగతి. కొత్తవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే.

ఇప్పుడు బీమ్ గురించి. కొనేటప్పుడు అన్నిటికంటే శ్రద్ధగా చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. బంతి నుంచి శబ్దం టార్చి వెలుగులా కిందికి పోతూ వెడల్పవుతుంది. ఆ వెడల్పును డిగ్రీల్లో చెప్తారు. డీపర్ కంపెనీ చిర్ప్ ప్లస్ లాంటి మోడల్‌లో 7, 16, 47 డిగ్రీలు అని మూడు ఉంటాయి. 5 మీటర్ల లోతులో 7 డిగ్రీల బీమ్ అడుగున 60 సెంటీమీటర్ల వెడల్పు చోటును చూస్తుంది, 16 డిగ్రీలది 1.4 మీటర్లు, 47 డిగ్రీలది నాలుగు మీటర్ల పైనే. వెడల్పు ఎక్కువైతే చేపలు ఎక్కువ కనిపిస్తాయి కదా అనిపిస్తుంది. కనిపిస్తాయి, కానీ ఎక్కడున్నాయో తెలియదు. నాలుగు మీటర్ల చుట్టులో ఏ మూలనున్నా బంతి కిందే ఉన్నట్టు గీస్తుంది. అడుగు వాలుగా ఉంటే ఇంకో చిక్కు: వెడల్పు బీమ్‌కు ముందు తగిలేది వాలులో ఎత్తుగా ఉన్న భాగం, దాని లోతునే అడుగు లోతు అని చూపిస్తుంది. ఆ వాలులో కింద నేలకు ఆనుకుని మేస్తున్న బంగారు తీగ అడుగు గీతలో కలిసిపోతుంది. మన చెరువుల్లో కట్ట రాతి వాలు మీద నుంచే కదా ఎక్కువమంది వేసేది. అందుకే ఒడ్డు మీది వాళ్లకు సన్నని బీమ్ ఉన్నదే మేలు. చవక సెట్లలో కొన్నిటికి 90 డిగ్రీల బీమ్ ఒక్కటే ఉంటుంది, అది 5 మీటర్ల లోతులో పది మీటర్ల వెడల్పును ఒకే గీతగా ముద్ద చేస్తుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దనే అంటాను.

శబ్దం ఫ్రీక్వెన్సీని చెప్పే కిలోహెర్ట్జ్ లెక్క కూడా దీనితో ముడిపడిందే. అంకె పెద్దదైతే బీమ్ సన్నగా, బొమ్మ స్పష్టంగా ఉంటుంది, ఎక్కువ లోతుకు మాత్రం పోదు. చిన్నదైతే లోతుకు పోతుంది, వివరం తగ్గుతుంది. చిర్ప్ అంటే ఒకే ఫ్రీక్వెన్సీ కాకుండా కింది నుంచి పైదాకా వరసగా కొన్నిటిని పంపడం. దానివల్ల దగ్గరదగ్గరగా ఉన్న రెండు వస్తువులు విడివిడిగా కనిపిస్తాయి. అడుగుకు జానెడు పైన ఉన్న చేప అడుగులో కలిసిపోకుండా ఉండటానికి ఇది నిజంగానే పనికొస్తుంది. బడ్జెట్ సరిపోతే తీసుకోండి. జీపీఎస్ కావాలా చిర్ప్ కావాలా అని తేల్చుకోవాల్సి వస్తే జీపీఎస్‌కే ఓటు.

ఎందుకంటే, ఒడ్డు నుంచి విసిరేవాళ్లకు బంతి లోపలే జీపీఎస్ ఉండాలి. లేనివాటిలో యాప్ మీ ఫోన్ ఉన్న చోటునే గుర్తు పెట్టుకుంటుంది. మీరేమో కట్ట మీద ఉంటారు, బంతి 50 మీటర్ల దూరంలో ఉంటుంది. మ్యాప్‌లో లోతులన్నీ మీ కాళ్ల కిందకు వస్తాయి. బంతిలోనే జీపీఎస్ ఉంటే విసిరి, నెమ్మదిగా లాగి, రెండు అడుగులు జరిగి మళ్లీ విసిరి... అలా విసనకర్ర ఆకారంలో పది పదిహేను సార్లు లాగితే మీ ముందున్న నీటికి లోతుల మ్యాప్ తయారవుతుంది. నాలుగైదు మీటర్లు అటూఇటూ తేడా ఉంటుంది, మన పనికి అది చాలు. ఆ మ్యాప్‌లో పాత వాగు దారో, పొలం గట్టో కనిపించిందంటే పెట్టిన డబ్బు వసూలైనట్టే. రవ్వ, బంగారు తీగ అలాంటి అంచుల వెంటే తిరుగుతూ మేస్తాయి. లాగేటప్పుడు తొందరపడకండి. జోరుగా లాగితే బంతి పక్కకు ఒరిగి, శబ్దం ఏటవాలుగా పోయి, లోతు తప్పుగా వస్తుంది.

అడుగు గట్టిదనం చూడటం కూడా నేర్చుకోండి. గట్టి నేలైతే గీత మందంగా, ముదురు రంగులో ఉంటుంది. ఒక్కోసారి దానికి రెట్టింపు లోతులో ఇంకో పలుచని గీత వస్తుంది. శబ్దం పైకొచ్చి మళ్లీ కిందికి పోయి వచ్చిందన్నమాట, అది రెండో అడుగు కాదు. మెత్తని బురదలో గీత సన్నగా, అలుక్కుపోయినట్టు ఉంటుంది. లోతు బురదలో పిండి ముద్ద, సీసం రెండూ కూరుకుపోతాయి, ఎర చేపకు కనిపించదు. మొరం నేల ఉన్న చోటు దొరికితే ఆదివారమంతా అక్కడే కూర్చోవచ్చు.

మిగతా ఫీచర్లు చకచకా చెప్పేస్తాను. వంద మీటర్ల లోతు మనకు అక్కర్లేని గొప్ప. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తే 124 మీటర్లు, మీరు గాలం వేసేది పది మీటర్ల లోపు. దాని బదులు కనీసం ఎంత లోతు నుంచి చదువుతుందో చూడండి. కొన్ని 15 సెంటీమీటర్ల నుంచే చదువుతామంటాయి, కొన్నిటికి 60 సెంటీమీటర్లైనా నీరు ఉండాలి. మన చెరువుల అంచుల్లో ఈ తేడా తెలుస్తుంది. టెంపరేచర్ చూపేది బంతి తేలే పైనీటిది, అడుగుది కాదు. అలారం మొదటిరోజే ఆపేయండి, పక్కన కూర్చున్నవాళ్లు మిమ్మల్ని తిట్టుకోకుండా ఉంటారు. రాత్రి లైటు ఉంటే మంచిదే. చేప సైజు చెప్పే ఫీచర్‌ను నమ్మొద్దు. ప్రతిధ్వని బలాన్ని బట్టి వేసే అంచనా అది. చేప బీమ్ నడుమ ఉందా అంచులో ఉందా, అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అన్నదాన్ని బట్టే మారిపోతుంది.

వైఫై గురించి ఒక మాట. ఇది ఇంటర్నెట్ కాదు, బంతికీ ఫోన్‌కూ మధ్య దారి. రేడియో సంకేతం నీటిలో పోదు కాబట్టి బంతి తేలుతూనే ఉండాలి. వంద మీటర్లని రాసినా మధ్యలో జమ్ము అడ్డుంటే, మీరు కింద కూర్చుంటే దూరం బాగా తగ్గుతుంది. ఫోన్ ఎత్తుగా పట్టుకోండి. ఎండలో బ్రైట్‌నెస్ మొత్తం పెంచాలి, ఛార్జింగ్ చూస్తుండగానే దిగుతుంది. పవర్ బ్యాంక్ తప్పనిసరి.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సింది కొర్రమీను సంగతి. దానికి సోనార్ దండగ. అది ఉండేది అంచు గడ్డిలో, తామరాకుల కింద, మోకాలి లోతు నీటిలో. అక్కడ బంతి వేస్తే స్క్రీన్ అంతా గడ్డే. పైగా కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వచ్చే చేప, గుటక వేసి మునిగే చోటు కళ్లకే కనిపిస్తుంది. దానికి కావాల్సింది నీటి మీది మెరుపును తగ్గించే పోలరాయిడ్ కళ్లజోడు. (ఎర్రగా గుంపు కట్టిన పిల్లలు పైకి తేలుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు. వాటి మీద కప్ప విసరకండి. ఆ జంటను పట్టేస్తే గుంపు మొత్తం మిగతా చేపలకు మేతే.) బొచ్చె విషయంలోనూ జాగ్రత్త. అది పైనీటిలో మేసే చేప. మీటరు లోతులో 16 డిగ్రీల బీమ్ వెడల్పు జానెడున్నర కూడా ఉండదు. కాబట్టి స్క్రీన్ ఖాళీగా ఉందని అక్కడ బొచ్చె లేదనుకోవద్దు.

శబ్దానికి చేపలు బెదురుతాయా అని కొందరు అడుగుతుంటారు. వంద కిలోహెర్ట్జ్ పైన ఉండే ఈ శబ్దం బొచ్చె, రవ్వ జాతికి వినిపించదు. వాటిని బెదరగొట్టేది బంతి పడినప్పుడు వచ్చే చప్పుడు. అందుకే ముందు అడుగు చూసుకుని, బంతి తీసేసి, ఎర వేసి, కాసేపు ఆగండి. చేపలు మేతకు వచ్చాక మధ్యలో మళ్లీ బంతి వేయొద్దు.

విసరడానికి మీ దగ్గరున్న రాడ్ సరిపోతుందో చూసుకోండి. ఈ బంతులు 90, 100 గ్రాముల దాకా ఉంటాయి. రబ్బరు కప్ప వేసే రాడ్ మీద 10–30 గ్రాములని రాసి ఉంటుంది, దానితో ఊపి విసిరితే కొన విరుగుతుంది, లేదా దారం తెగి బంతి సింగూరుకు కానుక అవుతుంది. పొడవాటి గట్టి రాడ్, మందం అల్లిక దారం ఈ పనికి విడిగా పెట్టుకోండి. ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒకరోజు మోడుకు చిక్కుకుంటుంది. అప్పుడు దాని కోసం నీళ్లలోకి దిగొద్దు. ఎంత ఖరీదైనదైనా సరే. పూడిక తీసిన గుంతలు, మట్టి తవ్విన గోతులు ఒడ్డు పక్కనే ఉంటాయి, పైకి తెలియవు.

కొనేలోపు చేయదగ్గ పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. బెండు కింద దారానికి సీసం కట్టి విసరండి. బెండు మునిగితే లోతు ఎక్కువ, పడుకుంటే తక్కువ, సరిగ్గా నిలబడితే దారం పొడవే లోతు. నిదానమైన పనే గానీ సీసం అబద్ధం చెప్పదు. సింగూరుకైతే ఇంకా మంచి దారి ఉంది. పూర్తి మట్టం 523.6 మీటర్లున్న ఆ జలాశయంలో ఎండాకాలం నీరు వెనక్కి జరిగి ముంపు ఊళ్ల పాత గట్లు, బండిబాటలు, బావులు బయటపడతాయి. మే నెలలో పొద్దున్నే వెళ్లి, నేల గట్టిగా ఉన్నంత మేర నడిచి, ఫోన్‌లో ఒక్కో చోటుకు పిన్ పెట్టుకోండి, ఫొటో తీసుకోండి. వానాకాలం తర్వాత ఆ పిన్‌ల మీద నీళ్లుంటాయి. ఏ సోనార్ కూడా అంత స్పష్టంగా చూపించదు.

అనుమతి విషయం పక్కన పెట్టకండి. చాలా చెరువుల్లో చేపల హక్కు స్థానిక మత్స్యకారుల సహకార సంఘానిది, పిల్లలు వదిలి పెంచుకునేది వాళ్లు. కట్ట మీద ఫోన్, మెరిసే బంతి చూస్తే అనుమానం రావడం సహజం. ముందే సంఘం పెద్దను కలిసి, ఇదేమిటో చూపించి, రుసుము ఉంటే కట్టి కూర్చోండి. గండిపేట, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు, అక్కడ అడక్కుండా గాలం తీయొద్దు. సింగూరు దిగువన ఉన్న మంజీరా అభయారణ్యం జోలికి అసలే వెళ్లకండి. వన్యప్రాణి చట్టం ఒకవైపు, మొసళ్లు ఒకవైపు.

ఇన్ని చెప్పాక నా సలహా ఇది. నెలలో ఎక్కువ ఆదివారాలు సింగూరు లాంటి పెద్ద నీళ్ల దగ్గరే గడుస్తుంటే తెప్పించుకోండి. చిన్న చెరువులు, కొర్రమీనే ఎక్కువైతే ఆ డబ్బుతో మంచి రీల్ కొనుక్కోండి. తెప్పించుకుంటే బావమరిదికి పంపాల్సిన మెసేజ్: బంతిలోనే జీపీఎస్ ఉండాలి, 20 డిగ్రీల లోపు బీమ్ ఒకటైనా ఉండాలి, వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో అడగాలి. అక్కడ ఉండగానే యాప్ మీ ఫోన్ మోడల్‌కు వస్తుందో చూడమనండి. పెట్టె తెరిచి, బంతి మీది రెండు లోహపు చుక్కలను తడిపి, దీపం వెలిగి ఫోన్ దాన్ని పట్టుకుంటోందో కూడా చూడమనండి. ఇలాంటి బంతులు ఆ చుక్కలు తడిస్తే ఆన్ అవుతాయి, అందుకే మీరు కూడా వాడాక పొడిగా తుడవకపోతే సంచిలోనే బ్యాటరీ అయిపోతుంది. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి సూట్‌కేసులో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకుని రమ్మనండి. ఏదైనా తేడా వస్తే టికెట్ తేదీకి ముందే అక్కడి షాపుకు తిరిగి ఇచ్చేయడం సులువు.